తల్లిదేనట

మొదటి కాన్పుకి నన్ను మంచానికి కలిపి అల్లేశారు.
పొట్ట చుట్టూ రెండు పట్టీలు,
పట్టీలకి తీగలు, తీగలకి ఒక పెట్టె,
పెట్టె నోట్లోంచి నాలుక చాపినట్టు కాగితం.
లేసు అల్లేదాన్ని, చిక్కులు నాకు కొత్త కాదు,
చిక్కులో ముడిని నేనే కావడం అదే మొదలు.
నొప్పొచ్చి పుర్రచెయ్యి వైపు ఒత్తిగిలానో లేదో
తీగ లాగితే డొంకంతా కదిలింది:
పెట్టె కుయ్యోమంది,
నర్సులు పరిగెత్తుకొచ్చారు, పెట్టె దగ్గరికి.
"కదలకమ్మా, గీత చెదిరిపోతోంది."
గీత చెదరకుండా తొమ్మిది గంటలు పడుకున్నాను.
కేక తగిలినా చెదురుతుందేమోనని
పళ్ల మధ్య చీర చెంగు.

రెండోసారి
సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు ఎక్కాం.
మా ఆయన త్రిమూర్తులు బండికి స్టాండు వేసి
బండినే పట్టుకుని నిలబడ్డాడు, నన్ను పట్టుకోవాలని తోచక.
రొయ్యల మేత లారీ పక్కన
కమ్మీ పట్టుకుని రెండు నొప్పులు దాటాను.
వశిష్ఠ పోటు మీదుంది.
ఇంజను దడదడ పాదాల్లోంచి ఎక్కి నడుములో ఆగింది.

నర్సాపురం ఆసుపత్రిలో నర్సు పేరు సువార్త.
చిన్న అప్పడమంత బిళ్ల తెచ్చి
బొడ్డు కింద అంటించింది.
"తీగల్లేవా?"
"లేవు. లెగు, నడువు. నీ ఇష్టం."
పురిటి గదిలో నీ ఇష్టం అనే మాట!
సరిగ్గా విన్నానో లేదోనని మళ్లీ అడిగాను.

నడిచాను.
వరండా ఈ కొసన మందుల గది, ఆ కొసన కిటికీ,
కిటికీ అవతల కాలువ.
కడుపులో గుండె గుర్రపు డెక్కల్లా మోగుతుందంటారు.
నాకు తెలిసిన గుర్రపుడెక్క
కాలువ నిండా పెరిగి కదలనిదే.
నొప్పొచ్చినప్పుడల్లా కిటికీ ఊచలకి వేలాడేదాన్ని,
మోకాళ్లు మడిచి, ఆవులా ఊపిరి వదిలేదాన్ని.
వెనకాల గోడ మీద తెరలో
వాడి గుండె నాతోపాటే నడిచింది:
నూట నలభై రెండు, నూట ముప్పై ఎనిమిది.

మూడింటికి అంకె పడిపోయింది.
తొంభై నాలుగు.
సువార్త పరిగెత్తింది, ఈసారి నా దగ్గరికే.
డాక్టరమ్మ చెప్పుల్లేకుండా వచ్చింది.
త్రిమూర్తులు గుమ్మంలో కొయ్యబారిపోయాడు.
నేను చెబుతూనే ఉన్నాను,
"తంతున్నాడండీ, ఇదిగో ఇక్కడ, తంతున్నాడు."
నా మాట తెర మీద పడదు కదా.

సువార్త నా మణికట్టు పట్టుకుంది.
గోడ గడియారం చూస్తూ పెదాలతో లెక్కపెట్టింది.
నా నాడీ, తెర మీది అంకే
ఒకే అడుగేస్తున్నాయి.
"బిళ్ల జారిందండీ. ఇది బిడ్డది కాదు, తల్లిది."
"హమ్మయ్య! తల్లిదేనట!"
గదంతా ఊపిరి వదిలింది.
మా అత్త పల్లాలమ్మ పైకి దణ్ణం పెట్టుకుంది.

తల్లిదేనట.

నేనూ నవ్వాను. ఊరటే కదా మరి.
కానీ బిళ్ల సరిచేసేలోగా ఒక అరనిమిషం
గదిలో మోగింది నాదే.
ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి విన్నాను.
బొంగురుగా, తొందర లేకుండా,
అవతలి రేవు కనపడని చీకట్లో
ఎవరెవర్నో ఎక్కించుకుని వస్తున్న పంటులా.
కాసేపు ఉంచవా, అనబోయాను.
నొప్పొచ్చింది. మాట అందులో పడి కొట్టుకుపోయింది.

సువార్త మెడ పట్టుకుని గొంతుక్కూర్చుంటే
ఐదు దాటాక పుట్టింది.
అందరం వాడు వాడు అన్నది ఆడపిల్ల.
అంకెలు ఆ సంగతి చెప్పలేదు.

బిళ్ల పీకితే పొట్ట మీద ఎర్రగా గుండ్రటి మచ్చ.
తుడిచి, చార్జింగు పెట్టారు.
బల్ల మీద మొగల్తూరు నుంచి వచ్చినావిడ
నడుం పట్టుకుని ఎదురు చూస్తోంది.
"ఎప్పుడైనా అది జారితే
కంగారు పడకు," అన్నాను. "విను."
ఆవిడకేం అర్థం కాలేదు.
బాత్రూమ్ ఎటు, అని అడిగింది.
కిటికీ పక్కనే, అన్నాను,
నడిచే వెళ్లు.